ఒకే బాట మీద ముగ్గురు

లండన్ యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కితే ఇంచుమించు నలభై నిమిషాల్లో ట్రింగ్ వస్తుంది. దిగి తూర్పుకేసి చూస్తే దట్టమైన చెట్లతో ఒక గుట్టల వరస కనిపిస్తుంది. అదే ఆష్‌రిడ్జ్ ఎస్టేట్. హర్ట్‌ఫర్డ్‌షైర్, బకింగ్‌హమ్‌షైర్ కౌంటీల సరిహద్దులో, చిల్టర్న్ కొండల మీద ఐదు వేల ఎకరాలు. ఒకప్పుడు బ్రిడ్జ్‌వాటర్ డ్యూకులది, తర్వాత బ్రౌన్‌లో ఎర్ల్‌లది. 1926 మొదలుకొని నేషనల్ ట్రస్ట్ అనే సంరక్షణ సంస్థ చేతికి వచ్చింది. బీచ్ అడవులు, ఊరుమ్మడి బీళ్లు, సుద్దకొండల మీది పొట్టి గడ్డి, మందలు మందలుగా ఫాలో జింకలు. ఏప్రిల్ చివర్లో అడవి నేలంతా బ్లూబెల్ పూలతో నీలంగా మారిపోతుంది. లోపలికి వెళ్లడానికి మామూలుగా టికెట్ లేదు.

జమీందారీ ఎస్టేట్ అనగానే మనవాళ్లు ముందు మేడ గురించి అడుగుతారు. మేడ ఉంది. 1283లో కట్టిన క్రైస్తవ మఠం ఉన్నచోటే 1808లో జేమ్స్ వయట్ అనే వాస్తుశిల్పి దాన్ని మొదలుపెట్టాడు. అంతకు ముందు అక్కడున్న పాత ఇంట్లో ఉండగానే 1554లో యువరాణి ఎలిజబెత్‌ను బంధించి లండన్ తీసుకుపోయారు. ఇప్పుడా మేడ ట్రస్ట్‌ది కాదు, అందులో బిజినెస్ స్కూల్ నడుస్తోంది. మేడ ముచ్చట ఇంతటితో చాలు. నన్ను పట్టి ఉంచింది అడవిలోని బాటలు. ఆ బాటల్లో కొన్నిటి మీద కుక్కను వెంటేసుకుని నడిచే ముసలాయన, బురద చిమ్ముకుంటూ వచ్చే సైకిల్ కుర్రాళ్లు, అరటన్ను గుర్రమెక్కిన ఆవిడ, ముగ్గురూ ఒకరికొకరు ఎదురవుతారు. చాలాచోట్ల ఆ బాట వెడల్పు మన ఎడ్లబండి పట్టేంతే. గోడ లేదు, గీత లేదు, పోలీసు లేడు. ముగ్గురూ క్షేమంగా ఇంటికి పోతారు. ఇది ఎలా సాధ్యమవుతోందో విడమరచి చెప్పాలని నా తాపత్రయం. ఎందుకంటే దీని వెనక ఉన్నది మంచితనం ఒక్కటే కాదు. చట్టం ఉంది, వడ్రంగం ఉంది, మట్టిపని ఉంది, గుర్రం మనసు తెలిసినవాళ్ల అనుభవం ఉంది. ఇవి అన్నీ కుదిరితేనే బాట పదిమందిదవుతుంది.

ముందు చట్టం సంగతి క్లుప్తంగా. ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రజలకు హక్కుగా ఉన్న దారులు రెండు లక్షల కిలోమీటర్లకు పైమాటే. వాటిలో ఎక్కువ భాగం ఎవరో ఒకరి సొంత భూమిలోంచే పోతాయి. నేల ఆసామిదే, నడక హక్కు మాత్రం అందరిదీ. దారుల్లో రకాలున్నాయి. ఫుట్‌పాత్ నడిచేవాళ్లకే. బ్రైడిల్‌వే నడిచేవాళ్లకు, గుర్రమెక్కినవాళ్లకు, సైకిళ్లకు. వాటి పైన గుర్రబ్బళ్లకు కూడా వీలున్నవి, మోటారు బళ్లకు సైతం వీలున్నవి. గుంజల మీద చిన్న బాణం గుర్తులుంటాయి. పసుపు బాణం ఫుట్‌పాత్, నీలి బాణం బ్రైడిల్‌వే, రేగుపండు రంగుది గుర్రబ్బండి దారి, ఎరుపుది అన్నిటికీ. అడవిలో చీలిక దగ్గర నిలబడినప్పుడు ఈ రంగులే దిక్కు. సైకిల్ మీద ఉన్నవాడు పసుపు బాణం వెంట తొక్కుకుంటూ పోకూడదు. నీలి బాణం కనబడితే పోవచ్చు.

సైకిల్‌కు ఈ హక్కు మొదటినుంచీ లేదు. 1968లో కంట్రీసైడ్ యాక్ట్ వచ్చాకే బ్రైడిల్‌వేల మీద సైకిళ్లకు అనుమతి దొరికింది. ఆ అనుమతికి ఒక షరతు పెట్టారు. సైకిల్ మీద వచ్చినవాడు నడిచేవాళ్లకీ గుర్రాలకీ దారి ఇవ్వాలి. వెనక వచ్చి చేరినవాడు, వేగంగా పోగలిగినవాడు తగ్గి ఉండాలని ఒకే వాక్యంలో తేల్చేశారు. నా దృష్టిలో ఈ పద్ధతి మొత్తానికీ ఆ షరతే వెన్నెముక. మన రోడ్ల మీద నడిచేది దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ పెద్ద బండిదే దారి, చిన్నవాడు పక్కకు తప్పుకోవాలి. ఆష్‌రిడ్జ్ అడవిలో అందరికంటే నెమ్మదైనవాడు, అందరికంటే తొందరగా బెదిరే ప్రాణి, ఈ ఇద్దరినీ బట్టే మిగతావాళ్లు తమ వేగం కుదించుకోవాలి. మామూలు బ్రైడిల్‌వే మీద సైకిల్ పందేలు పెట్టడం కూడా చట్టం ఒప్పుకోదు.

ఇక గుర్రం సంగతి. ఈ బాటలను అర్థం చేసుకోవాలంటే గుర్రం కంటితో చూడాలి. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. అందుకే తల తిప్పకుండానే దాదాపు చుట్టూరా చూడగలదు. చూడలేనివి రెండే చోట్లు: నుదుటికి మరీ దగ్గరగా ముందుభాగం, తోక వెనక సూటిగా ఉన్న భాగం. గడ్డి మైదానాల్లో వేటజంతువులకు ఆహారమవుతూ బతికిన జాతి అది. వెనక నుంచి చప్పుడు లేకుండా, వేగంగా, కిందికి వంగి వచ్చేది ఏదైనా సరే దాని రక్తంలో మోగే ప్రమాదఘంటే. సైకిల్ సరిగ్గా అలాగే వస్తుంది. పల్లంలో పెడల్ ఆపి దొర్లించుకుంటూ వచ్చే సైకిల్ ఎంత నిశ్శబ్దమో తొక్కేవాడికి తెలియదు, గుర్రానికి తెలుస్తుంది. బెదిరిన గుర్రం ఆలోచించదు. ముందు పరుగు, తర్వాతే చూపు. దాని మీద మనిషి ఉంటాడు, నేల మీద చెకుముకి రాళ్లుంటాయి.

అందుకే ఇక్కడ తెలిసినవాళ్లు పాటించే మొదటి పాఠం నోరు విప్పడం. చాలా దూరంలో ఉండగానే వేగం తగ్గించి గట్టిగా "హలో" అనాలి. గంట కొట్టడం కంటే మనిషి గొంతు మేలు. కొన్ని గుర్రాలు గంట చప్పుడుకు ఉలిక్కిపడతాయి. మనిషి గొంతు మాత్రం వాటికి పుట్టినప్పటినుంచీ తెలుసు, ఆ గొంతు వెంటే దాణా వస్తుంది. గొంతు విన్నాక గుర్రం చెవి ఒకటి వెనక్కి తిరుగుతుంది. అది చూడండి. చెవి తిరిగిందంటే మీ సంగతి దానికి అందిందన్నమాట. అప్పుడు గుర్రం మీదున్నావిడ కాస్త విశాలమైన చోటు చూసుకుని గుర్రాన్ని పక్కకు తీస్తుంది, చాలాసార్లు దాని తల మీ వైపు తిరిగేలా నిలుపుతుంది. వచ్చేది ఏమిటో కళ్లారా చూసుకోనిస్తే దాని భయం సగం పోతుంది. ఆవిడ సరేనన్నాకే దాటాలి. దాటేటప్పుడు దూరంగా, నిదానంగా, మాటలాడుతూ. దాటిన వెంటనే ఎగిరి తొక్కకూడదు. ముందు పరుగెత్తే దాని వెంట పరుగెత్తడం కూడా గుర్రానికి స్వభావమే.

నడిచేవాళ్లు తమకు ఈ పాఠం అక్కర్లేదనుకుంటారు. అక్కడే తప్పులు జరుగుతాయి. గుర్రం వస్తోందని మర్యాదగా చెట్టు చాటుకు తప్పుకుంటారు. చెట్టు చాటున కదలకుండా పొంచి ఉన్న ఆకారం కంటే గుర్రాన్ని బెదరగొట్టేది మరొకటి లేదు. తప్పుకున్నా కనబడేలా నిలబడాలి. ఒక మాట పలకాలి. గాలికి రెపరెపలాడే గొడుగునో వానకోటునో చేత్తో పట్టి ఉంచాలి. కుక్కను తాడుకు కట్టి గుర్రానికి దూరంగా, అటు పక్క ఉంచుకోవాలి. తోకకు ఎర్ర రిబ్బన్ కట్టి ఉంటే ఆ గుర్రానికి తన్నే అలవాటుందని హెచ్చరిక. ఆకుపచ్చ రిబ్బన్ కడితే అది ఇంకా లేతది, అలవాటు పడుతోందని అర్థం. ఇవి చట్టంలో ఉండవు, గుర్రాలు పెంచేవాళ్ల ఆనవాయితీ.

గుర్రపు స్వారీవాళ్ల సంస్థ బ్రిటిష్ హార్స్ సొసైటీ, సైకిళ్లవాళ్ల సంస్థ సైక్లింగ్ యూకే కలిసి "మర్యాదగా ఉండు, పలకరించు" అనే అర్థం వచ్చే ప్రచారం నడిపాయి. 2021లో తిరగరాసిన కంట్రీసైడ్ కోడ్‌లోనూ, అంటే పల్లెసీమల్లో తిరిగేవాళ్లకు ప్రభుత్వం చెప్పే నడవడిలోనూ, పలకరించమన్న మాట చేరింది. బయటివాళ్లకు ఇది ఉత్త ఇంగ్లిష్ మర్యాదలా కనిపిస్తుంది. అది ప్రాణాలు కాపాడే మెళకువ.

మెళకువ ఎంత సూక్ష్మంగా ఉంటుందో చూడాలంటే ఒక గేటు దగ్గర కాసేపు నిలబడాలి. ఎస్టేట్‌లో గొర్రెలు, పశువులు మేసే చోట్లున్నాయి. కంచెలు తప్పవు, బాట కంచెను దాటే ప్రతిచోటా గేటు తప్పదు. నడిచేవాళ్ల బాటైతే మెట్లలా కొట్టిన కర్రల మీదుగా ఎక్కి దిగిపోవచ్చు. బ్రైడిల్‌వే మీద అలా కుదరదు. గుర్రం దిగకుండా తెరిచి, దాటి, మళ్లీ మూసే గేటు కావాలి. చట్టం దీనికి కనీసం ఐదడుగుల వెడల్పు ఉండాలంటుంది. కొలత ఒక్కటే సరిపోదు. గడియ పిడి గేటు పైభాగం దాటి నిలువుగా పొడుచుకొచ్చి ఉంటుంది. జీను మీద కూర్చున్నవాళ్లు వంగిపోకుండా చెయ్యి చాస్తే అందేంత ఎత్తు. మెలి తిరిగిన వాద్యంలా ఉండే ఒక రకం పిడిని వాళ్లు ట్రోంబోన్ పిడి అనే పిలుస్తారు.

ఇప్పుడు గుర్రం మీద ఒకావిడ వస్తోందనుకోండి. గుర్రాన్ని గేటుకు ఎదురుగా నిలపదు. గేటు పొడవునా పక్కకు ఆనించినట్టు, తన మోకాలు గడియకు సూటిగా వచ్చేలా నిలుపుతుంది. పగ్గాలు ఒక చేతిలోకి మార్చుకుని రెండో చేత్తో పిడి లాగుతుంది. గేటును తోసి చెయ్యి వదలకుండానే గుర్రాన్ని నడిపిస్తుంది. ఇరుకు గేటైతే ఇక్కడే చిక్కు. స్ప్రింగు బిగువెక్కువై గేటు తొందరగా మూసుకుంటే వెనక తొడకు కొట్టుకుంటుంది. ఒక్కసారి దెబ్బ తిన్న గుర్రం ఆ తర్వాత ఏ గేటు చూసినా మొరాయిస్తుంది. అందుకే తెలిసిన వడ్రంగి గేటు నిదానంగా మూసుకునేలా బందులు సరిచేస్తాడు. పగ్గమో రికాబో తగులుకునేలా ఎక్కడా మొన, కొక్కెం లేకుండా చూస్తాడు. గుర్రం పూర్తిగా దాటాక ఆవిడ దాన్ని గుండ్రంగా తిప్పి తలను మళ్లీ గేటు వైపు తెస్తుంది, గేటును లాగి గడియ పడిన చప్పుడు వినేదాకా ఉంటుంది. ఇంత తిరుగుడుకు గేటుకు రెండు వైపులా చదునైన, బురద లేని జాగా ఉండాలి. ఆ జాగాలో సైకిల్ ఆనించి నిలబడి ఫోన్ చూసుకునేవాడు తనకు తెలియకుండానే ఆవిడ పని పదింతలు చేస్తాడు. అదే అతను దిగి గేటు పట్టుకుని, ఆవిడ దాటి, తిరిగి, నిలదొక్కుకునేదాకా ఆగితే ఆ పని క్షణంలో అయిపోతుంది. జంటగా వచ్చిన గుర్రాల్లో ఒకటి దాటి ముందుకు పోకూడదు. వెనక గేటు దగ్గర చిక్కిపోయిన గుర్రం ఒంటరినయ్యానని గాభరా పడుతుంది. గేటు మూసేవాళ్ల కోసం మిగతావాళ్లు ఆగడం స్వారీవాళ్లలో చిన్నపిల్లలకు సైతం నేర్పే పాఠం.

ఇక నేల. చిల్టర్న్ కొండల కింద అంతా సుద్ద. గుట్టల పైభాగంలో మాత్రం దాని మీద చెకుముకి రాళ్లు కలిసిన బంకమన్ను పరుచుకుని ఉంటుంది. సుద్ద వాలు తడిస్తే సబ్బులా జారుతుంది. బంకమన్ను తడిస్తే కాలు దిగబడుతుంది. నడిచే మనిషి బూటు మట్టిని నొక్కుతుంది. సైకిల్ టైరు గాడి తీస్తుంది. లాడం కొట్టిన గిట్ట, ఐదొందల కిలోల బరువును నాలుగు చిన్న వృత్తాల మీద మోపి, గుంట చేస్తుంది. మూడూ కలిశాక నవంబరు వానలొస్తే గుంటల్లో నీరు నిలుస్తుంది, గాడి కాలువవుతుంది, వాలులో మట్టి కొట్టుకుపోతుంది. బురద చూసి అందరూ పక్కకు జరుగుతారు. బాట వెడల్పవుతుంది, పక్కన పూలమొక్కలు నలిగిపోతాయి. ఆ వెడల్పూ బురదైతే ఇంకాస్త పక్కకు. ఎక్కువ బాటలు పాడయ్యేది ఇలాగే.

దీనికి మందు నీటిని ఆగనివ్వకపోవడం. బాట మధ్యభాగం కొద్దిగా ఉబ్బెత్తుగా, అంచులకు వాలుగా ఉంటే వాన పక్కకు దిగిపోతుంది. వాలు బాటలైతే అక్కడక్కడా ఏటవాలుగా అడ్డకాలువలు తీసి నీటిని అడవిలోకి మళ్లిస్తారు. మరీ దిగబడే చోట్ల రాయి పరిచి, పైన సన్నరాయి దిమ్మిస కొడతారు. ఇక్కడే మూడు రకాల జనానికీ సరిపోయే బేరం కుదరాలి. తారు వేస్తే సైకిల్‌కు హాయి, గుర్రానికి లాడం జారుతుంది, కాళ్ల కీళ్లు అదిరిపోతాయి. పెద్ద కంకర వేస్తే గిట్టల్లో రాళ్లు ఇరుక్కుంటాయి. మెత్తటి గడ్డి గుర్రానికి స్వర్గం, చలికాలం సైకిల్‌కు నరకం. దిమ్మిస కొట్టిన సన్నరాయి ఎవరికీ అద్భుతం కాదు, అందరికీ పనికొస్తుంది. పైకి చూసుకోవడం ఇంకో పని. గుర్రమెక్కిన మనిషి తల నేలకు రెండున్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంచేత కొమ్మలు కనీసం మూడు మీటర్ల దాకా కొట్టాలి. నడిచేవాడి కంటికి ఆ కొమ్మ అసలు ఆనదు. మలుపుల దగ్గర పొదలు వెనక్కి నరికి, ఎదురొచ్చేది దూరం నుంచే కనబడేలా చెయ్యాలి. ఈ పనుల్లో చాలావాటికి వలంటీర్లు చేతులు వేస్తారు. కత్తెరలు, పారలు పట్టుకుని చలికాలం ఉదయాల్లో వచ్చే రిటైరైనవాళ్లే వాళ్లలో ఎక్కువ. నాకు వాళ్లంటే గొప్ప గౌరవం.

ఇన్ని మెళకువలు నిలబడటానికి ముందు, అసలు ఆ నేల మీద అడుగుపెట్టే హక్కు దక్కాలి. ఆష్‌రిడ్జ్ పక్కనే ఉన్న బర్కమ్‌స్టెడ్ ఊరుమ్మడి బీడు కథ తెలియకపోతే ఈ బాటల విలువ తెలియదు. 1866 ఫిబ్రవరిలో బ్రౌన్‌లో ఎర్ల్ తరఫువాళ్లు ఆ బీడులో దాదాపు మూడోవంతు చుట్టూ ఐదడుగుల ఇనుప కంచె వేయించారు. తరతరాలుగా అక్కడ పశువులు మేపుకునేవాళ్లకు, వంటచెరకు, మేత కోసుకునేవాళ్లకు దారి మూసుకుపోయింది. అదే ప్రాంతపు భూస్వామి అగస్టస్ స్మిత్ అందుకు ఎదురు తిరిగాడు. ఆయన సిల్లీ దీవులను లీజుకు తీసుకుని ఏలిన మనిషి, మాజీ పార్లమెంటు సభ్యుడు కూడా. అంతకు ముందు ఏడాదే లండన్‌లో పుట్టిన కామన్స్ ప్రిజర్వేషన్ సొసైటీ ఆయనకు దన్నుగా నిలిచింది.

మార్చి 6 రాత్రి యూస్టన్ నుంచి ప్రత్యేక రైల్లో 120 మంది మట్టిపని కూలీలు బయలుదేరారు. అర్ధరాత్రి దాటాక ట్రింగ్‌లో దిగారు. గునపాలు, సుత్తులతో చీకట్లో గుట్టెక్కారు. తెల్లవారేసరికి మైళ్ల పొడవున్న కంచె నేల మీద ఉంది. విరిచి పారేయలేదు, కడ్డీలను ఊడదీసి వరసగా పేర్చి పెట్టారు. పొద్దున ఊరంతా బళ్ల మీద, కాలినడకన వచ్చి తిరిగి తమదైన బీడు మీద తిరిగారు. దొర కోర్టుకెళ్లాడు, స్మిత్ ఎదురు దావా వేశాడు. 1870లో లార్డ్ రోమిలీ ఇచ్చిన తీర్పు స్మిత్ పక్షాన వచ్చింది. బీడు బీడుగానే మిగిలింది.

ఆ సొసైటీ కేసులు నడిపిన లాయర్లలో రాబర్ట్ హంటర్ ఒకడు. ఆయన, ఆక్టేవియా హిల్, హార్డ్‌విక్ రాన్‌స్లీ ముగ్గురూ కలిసి 1895లో నేషనల్ ట్రస్ట్ పెట్టారు. మరో ముప్పై ఏళ్లకు, కంచె వేసిన ఆ కుటుంబం ఎస్టేట్ అమ్మకానికొస్తే కొన్నది ఆ ట్రస్టే. చరిత్రలో న్యాయం ఇంత సూటిగా తిరిగి రావడం నేను ఎక్కువచోట్ల చూడలేదు.

హక్కు ఒకసారి వస్తే సరిపోదు, రాసి పెట్టాలి. 1949లో వచ్చిన చట్టం కౌంటీ కౌన్సిళ్లకు ఆ పని అప్పగించింది. ఏ బాట ఫుట్‌పాత్, ఏది బ్రైడిల్‌వే అన్నది గీసి, అధికారిక పటం తయారు చెయ్యాలి. ఆ పటంలో ఉంటే అదే తిరుగులేని సాక్ష్యం. రైతు పొలం దున్నుకోవచ్చు, కాని పొలం మధ్యగా పోయే బాటను రెండు వారాల్లో తిరిగి నడకకు సిద్ధం చెయ్యాలి. బ్రైడిల్‌వే అయితే కనీసం రెండు మీటర్ల వెడల్పున. పొలం గట్టు వెంట పోయే బాటనైతే అసలు దున్నకూడదు. పటంలో లేని బాటకు సైతం ఒక దారుంది: జనం ఇరవై ఏళ్లపాటు బాహాటంగా, ఎవరి అనుమతీ అడగకుండా, అడ్డులేకుండా తిరిగారని రుజువు చేస్తే అది హక్కు దారి అవుతుంది. అందుకే ఎస్టేట్ యజమానులు కొన్ని బాటల దగ్గర "ఇది మేమిచ్చిన అనుమతి, హక్కు కాదు" అని బోర్డు పెడతారు. కొందరు ఏడాదికి ఒక రోజు గేటు మూసి తాళం వేస్తారు. అది చూసి కోపం తెచ్చుకోనక్కర్లేదు. అనుమతి బాటలు లేకపోతే చాలా బ్రైడిల్‌వేలు ఎటూ కలవకుండా మధ్యలో తెగిపోయి ఉండేవి.

ఇదంతా చదువుతుంటే మనకు డొంకలు గుర్తు రావాలి. గోదావరి జిల్లాల్లో పుంత, తెలంగాణలో బండ్లబాట, మిగతాచోట్ల డొంక. పేరేదైనా మనిషి, ఎద్దు, బండి కలిసి నడిచిన ఉమ్మడి దారే. మన గ్రామ నక్షాల్లో ఈ దారులు గీసి ఉన్నాయి. రెవెన్యూ లెక్కల్లో పోరంబోకుగా రాసి ఉన్నాయి. అందుకే తెలంగాణ రైతు తగాదాలో "అది నక్షాబాట" అంటాడు, ఆ మాటతో వాదన సగం గెలిచినట్టే. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం మొదట అమలైన ప్రాంతాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి. పక్కవాడి పొలంలోంచి ఇరవై ఏళ్లు నడిచినవాడికి దారి హక్కు వస్తుందన్న సూత్రం ఆ చట్టంలోనూ ఉంది. అంటే కాగితం మీద మనకూ పునాది ఉంది. ఇంగ్లండ్‌లో ఉన్నది, మనకు లేనిది ఆ కాగితం పట్టుకుని నడిచేవాళ్ల సంఘం. బాట మీద ముళ్లకంప పడగానే కౌన్సిల్‌కు ఫిర్యాదు రాసేవాళ్లు, వారాంతంలో పాత పటాలు ముందేసుకుని కూర్చునేవాళ్లు. డొంకను పక్కపొలంవాడు సాలు సాలుగా కలిపేసుకుంటుంటే మనం "పోనీలే, ఎవరు పట్టించుకుంటారు" అంటాం. ఆఖరికి కోతయంత్రం పొలానికి చేరే దారి కూడా మిగలదు.

ఇంగ్లండ్‌లోనైనా పోరాటం ముగియలేదు. పటాల్లోకి ఎక్కని చారిత్రక బాటలను నమోదు చేయించుకోవడానికి 2026 జనవరి 1 గడువని 2000 సంవత్సరపు చట్టం పెట్టింది. తర్వాత ఆ గడువు 2031కి జరిగింది. 2024 డిసెంబరులో దాన్ని పూర్తిగా ఎత్తేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ పాతికేళ్లలో గుర్రాలవాళ్లు కౌంటీ దఫ్తరాల్లో కూర్చుని రెండు వందల ఏళ్లనాటి పటాలు, రైల్వే ప్లాన్లు వెదికారు. కారణం ఉంది. హక్కు దారుల మొత్తం పొడవులో గుర్రాలకు వీలున్నవి నాలుగోవంతు కూడా లేవు. మిగతాచోట్ల వాళ్లు మోటారు రోడ్డెక్కాల్సిందే. ఆష్‌రిడ్జ్ మధ్యలోంచి బి4506 రోడ్డు పోతుంది. అడవిలో అంత నిబ్బరంగా ఉన్న గుర్రం ఆ రోడ్డు దాటేటప్పుడు ఎలా బిగుసుకుపోతుందో చూస్తే బ్రైడిల్‌వే అవసరం ఏమిటో అర్థమవుతుంది.

స్కాట్లాండ్‌లో 2003 చట్టం ఇంగ్లండ్ పద్ధతి కంటే ముందుకెళ్లింది. బాధ్యతగా మసలుకుంటే నడకకీ, సైకిల్‌కీ, గుర్రానికీ దాదాపు అన్ని నేలల మీదా సమాన హక్కే. ఇంగ్లండ్‌లో 2000 నాటి చట్టం బీళ్ల మీద స్వేచ్ఛగా తిరిగే హక్కు ఇచ్చింది కాని నడిచేవాళ్లకే. నాకు స్కాట్లాండ్ పద్ధతే నచ్చుతుంది. ఐతే లండన్‌కు నలభై నిమిషాల దూరంలో ఉన్న అడవికి అది తట్టుకునే బరువేనా అన్న అనుమానం మాత్రం న్యాయమైనదే.

ఎందుకంటే ఆష్‌రిడ్జ్‌కు వచ్చిన కొత్త కష్టం జనమే. బీచ్ చెట్ల వేళ్లు నేల పైపొరలోనే పరుచుకుంటాయి. వేల అడుగులు తొక్కితే మట్టి గట్టిపడి వేళ్లకు గాలీ నీరూ అందవు. బ్లూబెల్ మొక్క ఆకు ఒకసారి నలిగితే ఆ ఏడు దుంపకు ఆహారం చేరదు, కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఫొటో కోసం పూల మధ్యకు నడిచిన ఒక్కొక్కరి వెనకా ఒక చిన్న బట్టతల మచ్చ మిగులుతుంది. డాకీ వుడ్ అనే భాగానికి ట్రస్ట్ కంచె కట్టి, పూలకాలంలో జనాన్ని బాట వెంటే నడిపించాల్సి వచ్చింది. 2022లో సంగతి ఇంకా ముదిరింది. ఈ అడవికి 12.6 కిలోమీటర్ల పరిధిలో కొత్త ఇళ్లు కడితే అందులోకొచ్చే జనమూ ఇక్కడికే వస్తారని, ముందు అడవికి రక్షణ చూపాలని ప్రకృతి సంరక్షణ శాఖ నేచురల్ ఇంగ్లండ్ చెప్పింది. డాకోరమ్ వంటి కౌన్సిళ్లు కొన్నాళ్లపాటు ఇళ్ల అనుమతులే ఆపేశాయి. ఇళ్లు కట్టేవాళ్లు వేరేచోట జనం తిరగడానికి పచ్చటి జాగా ఏర్పాటు చెయ్యాలన్న నియమం వచ్చింది. ఇల్లు దొరకని యువజంటలకు ఇది కష్టమే. కాని ఒక అడవి ఎంతమంది అడుగుల్ని భరించగలదో లెక్క కట్టి, ఆ లెక్కను ఇళ్ల ప్లాన్ మీద పెట్టిన ధైర్యం నాకు నచ్చింది.

వాట్‌ఫర్డ్‌లో, మిల్టన్ కీన్స్‌లో, లూటన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఈ ఎస్టేట్ శనివారం పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నానికి తిరిగొచ్చే దూరమే. ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల ఎక్స్‌ప్లోరర్ 181 పటం కొనుక్కోండి. అందులో చిన్న ఆకుపచ్చ గీతలు ఫుట్‌పాత్‌లు, పొడుగు ఆకుపచ్చ గీతలు బ్రైడిల్‌వేలు. నడకకైతే ట్రింగ్ స్టేషన్ నుంచి ఆల్డ్‌బరీ ఊరి మీదుగా గుట్టెక్కి, 1832లో కట్టిన బ్రిడ్జ్‌వాటర్ స్తంభం దగ్గరికి చేరండి. ఇంగ్లండ్‌లో కాలువల యుగానికి తెర తీసిన మూడో డ్యూక్ జ్ఞాపకార్థం కట్టింది అది. అక్కడి నుంచి ఉత్తరంగా అడవి అంచున నడిస్తే ఐవింగ్‌హో బీకన్ కొండ వస్తుంది. అవెబరీ సమీపం దాకా 87 మైళ్లు పోయే రిడ్జ్‌వే బాటకు అదే ఒక కొస. సైకిల్ తెచ్చుకుంటే స్తంభం దగ్గరే పటం తెరిచి పొడుగు గీతలు వేలితో కలుపుకుని, అవి ఎక్కడ ఫుట్‌పాత్‌లోకి మారతాయో ముందే గుర్తు పెట్టుకోండి, అక్కడ దిగి వేరే దారి పట్టాలి. పిల్లలుంటే వాళ్లకు ఎర్ర రిబ్బన్ సంగతి ముందే చెప్పండి. బ్లూబెల్స్ చూడాలంటే ఏప్రిల్ చివరి వారం, మే మొదటి వారం మంచివి. గుర్రాలు, సైకిళ్లు సులువుగా సాగే గట్టి నేల కావాలంటే మే మధ్య నుంచి సెప్టెంబరు దాకా. డిసెంబరులో వెళ్తే మాత్రం మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు వేసుకుని వెళ్లండి. బురద తప్పించుకోవడానికి బాట పక్కకు జరగకుండా మధ్యలోంచే నడవండి.